కొడవలి పట్టిన కొజుయె

వానలు మొదలైనప్పటి నుంచి ఆ దీవిలో బడిపిల్లలు ఒకరినొకరు చంపుకుంటున్నారు. మధ్యాహ్నం కాగానే పక్కపక్కన కూర్చుని అన్నపు ముద్దలు పంచుకు తింటున్నారు. సినిమా అలాంటిది మరి. పెద్దవాళ్లు ఒక తరగతి పిల్లల్ని దీవిలో దింపేసి, కొట్టుకు చావండి, మిగిలినవాళ్లే ఇంటికి రండి అన్న కథ.

పదహారేళ్ల కొజుయెకు కొడవలి దక్కింది. గుంపులో పరుగెత్తే వేషం కాదు, పేరున్న వేషం. దానికోసం ఎన్ని గడపలు తొక్కిందో పాపం. చిక్కల్లా ఒక్కటే. నేస్తం తమాకిని కొడవలితో వేసిన మరుక్షణం నడుము వంచి "క్షమించండి!" అనేస్తుంది. బుద్ధెరిగినప్పటి నుంచి రైల్లో ఎవరి కాలు తగిలినా వంగిన నడుము అది, చెబితే వింటుందా?

"చంపేదానివి చంపక మర్యాదలెందుకే తల్లీ!" డైరెక్టర్ కురమోచి జుట్టు పీక్కున్నాడు. "నెత్తురు పడ్డ ప్రతిసారీ ఓ చొక్కా పాడు. తమాకికి మిగిలింది ఇదొక్కటే. మళ్లీ వంగావో, కొడవలి ఇంకొకరికి, నువ్వు శవాల్లోకి!"



"నిన్న నీ పుడ్డింగ్ తిన్నది నేనేనే," అంది తమాకి కొజుయె చెవిలో. "ఇప్పుడైనా కోపమొచ్చిందా?"

"నువ్వా దొంగమొహమా!"

కెమెరా తిరిగింది. కొజుయె అరుస్తూ దూకింది. ఉత్తుత్తి కొడవలి దిగింది, నెత్తురు చిమ్మింది. అంతే, నడుము దానంతటదే వంగిపోయింది. "క్షమించండి!" అంటుంటేనే వేషం పోయిందని ఏడుపు తన్నుకొచ్చింది. వెల్లకిలా పడ్డ తమాకి చావడం మానేసి, తల కాస్త ఎత్తి, వంచి, "ఫర్వాలేదండీ" అని, అప్పుడు కళ్లు మూసింది.

కురమోచి కట్ చెప్పడమే మరిచిపోయి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏ రచయిత రాస్తాడ్రా ఇది? చంపుకోమని తోసినా, మనం నేర్పిన మర్యాద పిల్లలు వదల్లేదు. సిగ్గుపడాల్సింది పెద్దవాళ్లం. ఇదే ఉంచండి. ఆ కొడవలి ఈ పిల్ల చేతిలోంచి ఎవరూ తీయొద్దు."

తమాకికి అది ఆఖరి సన్నివేశం. వేషం ముగిసినవాళ్లకు పూలగుత్తి ఇవ్వడం ఆనవాయితీ; అదిచ్చి అందరూ చప్పట్లు కొట్టారు. ఒళ్లంతా నెత్తురుతో, చేతినిండా పూలతో నవ్వుతున్న శవాన్ని కొజుయె గట్టిగా వాటేసుకుంది. అంత సంతోషం ఆ పిల్ల ఎన్నడూ ఎరగదు.

మిగిలిన పిల్లలు చుట్టూ మూగారు. "రేపు నన్ను చంపవే!" "కాదు, ముందు నన్ను!"

"తోసుకోకండి," అంది కొజుయె కళ్లు తుడుచుకుంటూ. "వరసలో రండి. అందర్నీ చంపుతాను."