డెట్రాయిట్ వాళ్ళు రాని ఏడాది

మా పెద్దమ్మ ఒఫీలియా గ్రెకోకి టాంపా ఫుట్‌బాల్ స్టేడియంలో రెండు సీట్లుండేవి. ఒకటి తనది, రెండోది చనిపోయిన పెదనాన్నది. పెదనాన్న సీట్లో నేను కూర్చునేదాన్ని. పక్కనున్న రెండూ ఒక పళ్ళ డాక్టరువి. మా జట్టు పుట్టిన కొత్తలో ఓడిపోవడం తప్ప మరేదీ నేర్చుకోలేదు. దాంతో విసుగెత్తి ఆయన రావడం మానేసి, టిక్కెట్లు అమ్ముకునేవాడు. డెట్రాయిట్ వచ్చినప్పుడల్లా అవి కొనేది పావ్లాక్ దంపతులు.

యూజీన్ పావ్లాక్‌ది దేశం ఉత్తర కొసన మిషిగన్‌లోని బే సిటీ. అక్కడ ఇనుము కరిగించి పోతపోసే కార్ఖానాలో పని. డెట్రాయిట్, టాంపా ఒకే గ్రూపులో ఉండటంవల్ల ఏటా రెండుసార్లు తలపడేవి, ఒకసారి వాళ్ళ ఊళ్ళో, ఒకసారి మా ఊళ్ళో. మా ఊరి ఆటకి ఆయనా, భార్య లోరెయినూ కారేసుకుని వచ్చేవారు. వాళ్ళ ఇంటి దగ్గర హైవే ఎక్కితే మళ్ళీ మలుపు తిరిగే పని లేకుండా మా ఊళ్ళో దిగొచ్చు.

"ఏమయ్యా యూజీన్, మళ్ళీ తోలుకొచ్చావా నీ పిల్లుల్ని?" అనేది పెద్దమ్మ. డెట్రాయిట్ జట్టు పేరు సింహాలు, మాది ఓడ దొంగలు.

"మా సింహాల సంగతి తర్వాత. మీ టోపీ మీద ఆ ఓడ దొంగ ఎవరికి కన్ను కొడుతున్నాడో ముందు కనుక్కో. ఆటకొచ్చాడా, పెళ్ళిచూపులకొచ్చాడా?"

"మీ ఆట చూడలేక ఒక కన్ను మూసుకున్నాడయ్యా, పాపం!"

లోరెయిన్ ఇద్దరి మధ్యా కూర్చుని, పెద్దమ్మ చేసి తెచ్చిన పీత బజ్జీలు తాపీగా తినేది. "మీరు కొట్టుకు చావండి. వదినా, ఆ కారం సీసా ఇలా అందుకో" అనేది. వెళ్ళేటప్పుడు పొగబెట్టిన సాసేజ్‌ల దండ ఒకటి పెద్దమ్మ చేతిలో పెట్టేది. ఇరవై ఏళ్ళు పైగా అలాగే సాగింది. రెండు జట్లూ ఎప్పుడో తప్ప బాగా ఆడింది లేదు. అయినా ఎవరు ఎక్కువ చెత్త అన్న తగువు తెగేది కాదు.

ఒక ఏడాది యూజీన్ ఒక్కడే వచ్చాడు. లోరెయిన్ ఆ వేసవిలో పోయిందట. కబురు చెప్పాలని తెలియలేదట ఆయనకి, పండక్కి కార్డులు రాయడం అంతా ఆవిడ పనే. టిక్కెట్లు మాత్రం అలవాటు కొద్దీ రెండూ కొన్నాడు. మధ్యలో ఆ సీటు ఖాళీగా ఉంది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని మైదానం వైపు చూస్తున్నాడు. జాతీయగీతం అయ్యాక పెద్దమ్మ లేచి, తన సంచీ తీసుకుని లోరెయిన్ సీట్లోకి జరిగింది.

"అక్కడ ఎండ కొడుతోంది. ఇక్కడ కాస్త నీడగా ఉంది" అంది.

ఆ వరుసలో ఎక్కడా నీడ లేదు. యూజీన్ తల పైకెత్తి చూసి, "అవును, నీడగానే ఉంది" అన్నాడు. ఆ రోజు ఇద్దరూ తిట్టుకోలేదు.

మరుసటేడు మాత్రం వడ్డీతో సహా తిట్టుకున్నారు.

రెండువేల ఒకటి వసంతంలో రేడియోలో వార్త చెప్పారు. వచ్చే ఏడాది నుంచి లీగ్‌లో జట్లని కొత్త గ్రూపులుగా పంచుతున్నారు. టాంపాని ఉత్తరాది జట్ల గుంపులోంచి తీసి దక్షిణాది గుంపులో వేశారు. ఇకమీదట మాకు ఏటా అట్లాంటా, కరోలినా, న్యూ ఆర్లీన్స్. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి, ఇన్నాళ్ళకి మ్యాపు చూసి గ్రూపులు వేశారని.

పెద్దమ్మ బజ్జీల పిండి కలుపుతూ వింది. "కరోలినా ఎవరే? వాళ్ళతో నాకేం పగ ఉందని అరవాలి?" అంది నాతో.

ఆ చలికాలం పాత గ్రూపులో ఆఖరి ఆట. డెట్రాయిట్ ఓడింది. కార్ల దగ్గర యూజీన్ టోపీ చేత్తో తిప్పుతూ చాలాసేపు నిలబడ్డాడు. "సరే మరి. షెడ్యూలు చూసుకుని వస్తా" అన్నాడు. వచ్చే ఏడు డెట్రాయిట్ మా ఊరు రావడం లేదని ముగ్గురికీ తెలుసు.

తర్వాతి ఏడు మా జట్టు ఎన్నడూ లేనంత బాగా ఆడింది. ఊరంతా సంబరం. కరోలినా ఆటనాడు పళ్ళ డాక్టరు సీట్లలో అక్కడి నుంచి వచ్చిన ఒక కుర్ర జంట కూర్చున్నారు. పెద్దమ్మ అలవాటు ప్రకారం, "ఏం బాబూ, మీ ఊళ్ళో ఫుట్‌బాల్ ఎప్పుడు కనిపెట్టారు?" అంది. అబ్బాయి నొచ్చుకుని, "మేం ఎవరినీ ఏమీ అనలేదు కదండీ" అన్నాడు. పెద్దమ్మ ఆట అయ్యేదాకా నోరు విప్పలేదు. మేం గెలిచాం కూడా.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే టెలిఫోను విచారణకి ఫోన్ చేసి, బే సిటీలో పావ్లాక్ నంబరు అడిగింది. ఆయన ఎత్తగానే వీధిలోకి వినపడేలా అందుకుంది.

"ఏమయ్యా, బతికే ఉన్నావా? మీ పిల్లుల ఆట ఎలా ఉంది ఈ ఏడు?"

నేను దగ్గరికెళ్ళి రిసీవరుకి చెవి ఆనించాను.

"ఒఫీలియా! నన్నెవరూ తిట్టడం లేదే తల్లీ" అన్నాడాయన. "ఇక్కడ అందరూ జాలి పడుతున్నారు. లోరెయిన్ పోయిందని జాలి, జట్టు ఓడిందని జాలి. ఒళ్ళు మండిపోతోంది."

"మరి రావేం?"

"మా వాళ్ళు ఇంకో మూడేళ్ళ దాకా అక్కడికి రారు."

"వాళ్ళు రాకపోతే నీ కారు కదలదా?"

"ఊరికే ఎలా వస్తాను? ఏమని రాను?" అని ఆగి, "కొత్త లెక్కలో మీవాళ్ళే డిసెంబర్లో ఇక్కడికి వస్తున్నారులే" అన్నాడు.

పెద్దమ్మ పక్క రాష్ట్రం జార్జియా దాటి ఎరగదు. డిసెంబర్లో నాచేత కారు నడిపించి, పెదనాన్న పాత కోటు వేసుకుని బయలుదేరింది. దారిలో ఒహాయోలో రాత్రి దిగిన హోటలు కిటికీలోంచి మొదటిసారి మంచు చూసి, "అద్దం కడగరా వీళ్ళు!" అంది. బే సిటీలో యూజీన్ వాకిట్లో మంచు తోసి, ఉప్పు చల్లి, చేతిలో పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ కారు దిగుతుంటే చెయ్యి అందించాడు. ఇద్దరూ ఆ చేతులు వెంటనే వదల్లేదు. నేను సామాను దింపుకున్నాను.

ఆ ఆదివారం డెట్రాయిట్ స్టేడియంలో వేలమంది మధ్య మా పెద్దమ్మ ఒక్కతే ఎర్రటి చొక్కాలో లేచి అరిచింది. పక్కన యూజీన్ నీలం టోపీలో అంతకన్నా గట్టిగా అరిచాడు. వెనక వరుసవాడు, "తాతా, ఆవిడ నోరు మూయించవయ్యా!" అన్నాడు. యూజీన్ వెనక్కి తిరిగి, "ఆవిడ జోలికొచ్చావంటే బాగుండదు. ఆవిణ్ణి తిట్టేది నేనొక్కణ్ణే" అన్నాడు. చివరికి కొద్ది తేడాతో మేమే గెలిచాం.

మర్నాడు మేం బయలుదేరుతుంటే ఆయన చిన్న పెట్టెతో వరండాలోకి వచ్చాడు. నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, కారులో చోటుందా? ఈ చలి ఒక్కటి గడిచేదాకా."

"చోటు ఉందో లేదో దాన్నడుగుతావేం? ఎక్కు, గాలి లోపలికొస్తోంది" అంది పెద్దమ్మ.

ఆయన ఏప్రిల్లో తిరిగి వెళ్ళాడు, నవంబర్లో మళ్ళీ వచ్చాడు. మా వెనక వీధిలో ఒక గది తీసుకున్నాడు. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దున కాఫీకి వచ్చి, రాత్రి వార్తలు అయ్యాక వెళ్ళేవాడు. మధ్యలో పెద్దమ్మ గుమ్మాలకి రంగులేశాడు, జామపండు గుజ్జు కూరిన బిళ్ళలు వత్తడం నేర్చుకున్నాడు, పాడుగా వత్తేవాడు.

రెండువేల ఐదు అక్టోబర్లో డెట్రాయిట్ మళ్ళీ మా ఊరొచ్చింది. దానికోసం ఆయన ముందే దిగాడు. ఆ వారమంతా కాఫీకి రాలేదు, శత్రువు చేతి కాఫీ తాగనన్నాడు. ఆట చివర్లో వాళ్ళవాడు బంతి పట్టుకుని గీత మీద పడ్డాడు. అది టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, డెట్రాయిట్ గెలిచేసిందనుకున్నారు. రిఫరీలు వీడియో మళ్ళీ మళ్ళీ చూసి, కాదన్నారు. యూజీన్ టోపీ కళ్ళమీదికి లాక్కుని మాతోనే ఇంటికొచ్చాడు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, సగం తిన్నాక చెంచా కింద పెట్టాడు.

"అది టచ్‌డౌనే" అన్నాడు.

"కాదు" అంది పెద్దమ్మ, ఆయన కంచంలో ఇంకాస్త అన్నం, నల్ల చిక్కుళ్ళు వడ్డిస్తూ. "తిను, చల్లారిపోతుంది."