తాగని రోజు

వెంకటరావు కూతురికి చెవులు కుట్టించిన రోజు, టెల్కో కాలనీలో అతని క్వార్టరు ముందు వేసిన పందిట్లో రెండో బంతి భోజనాలు నడుస్తున్నాయి. పొద్దుట్నుంచీ అతని అక్క నూకమ్మ కళ్లు మొగుడి మీదే ఉన్నాయి. టాటానగర్ లోకోషెడ్డులో ఖలాసీగా చేసే పోలయ్య డ్యూటీ దిగాక హండియా దుకాణం దాటి తిన్నగా ఇల్లు చేరిన రోజులు తక్కువ. ఆ బియ్యపు కల్లు వాసన ఆమె కాపురంలో ఓ భాగమైపోయింది. "మా తమ్ముడింట్లో ఈ ఒక్క పూటా ముట్టుకోకు మావా" అని ముందురోజు బతిమాలుకుంది. అతను నూకాలమ్మ తల్లి మీద ఒట్టేశాడు.

వడ్డనకు అందరికన్నా ముందు నడుం బిగించింది పోలయ్యే. అన్నం గంగాళం రెండు చేతులా ఎత్తి నిలబడినవాడు ఉన్నట్టుండి దాన్ని వదిలేశాడు. అన్నం నేలపాలయింది. తల పట్టుకుని, "నూకీ, నా బుర్ర పగిలిపోతందే" అంటూనే విస్తళ్ల పక్కన భళ్లున వాంతి చేసుకుని కూలబడ్డాడు.

బంతి మొత్తం లేచిపోయింది. ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. తాగొచ్చాడంటూ "పీకే ఆయా హై" అని ఎవరో నవ్వారు. వెంకటరావు మొహం కందగడ్డలా అయిపోయింది.

"అప్పా, బావని ఇక్కడినుంచి తోలుకెళ్లిపో. నా పరువు తీసీసినాడు."

నూకమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఎంత తాగినావు?" అంది పళ్లు కొరుకుతూ.

"తాగనేదే... ఒట్టు" అని గొణిగాడతను. పెళ్లయిన నాటినుంచీ ఆమె వింటున్న మాటే అది.

రిక్షాలో అతని తల ఆమె భుజం మీద వాలిపోయింది. నోరు ఆమె చెంపకు ఆనుకునే ఉంది. వాంతి కంపు తప్ప మరే వాసనా రావడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ మనసు పందిట్లో నవ్విన మొహాల దగ్గరే ఆగిపోయింది. దారిలో ఎవరూ ఆనవాలు పట్టకుండా అతని మొహం మీద తువ్వాలు కప్పింది. ఇంటికొచ్చి లోపలి గదిలో చాప మీద పడుకోబెట్టి, ఇరుగుపొరుగు చూడకుండా బయట గడియ పెట్టేసింది. సాయంత్రం మూలుగు వినిపించింది. "దిగనీ, దిగినాక సెప్తాను" అనుకుంది గానీ లేచి వెళ్లలేదు.

తెల్లారి తలుపు తీసేసరికి పోలయ్య మెడ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. వెలుగు పడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పిలిస్తే ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. నూకమ్మ గొల్లుమంది. పక్క క్వార్టర్లవాళ్లు వచ్చి మంచం మీద వేసుకుని ఆస్పత్రికి మోసుకెళ్లారు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు?" అని డాక్టరు హిందీలో అడిగాడు.

"ఈయేల పొద్దుట్నుంచే బాబూ."

"ఏమైనా తాగాడా?"

"ఏటీ తాగనేదు."

మొదటిది అబద్ధం. రెండోది నిజమే గానీ, దాన్నీ ఆమె పరువు కోసమే చెప్పింది.

డాక్టరు పోలయ్య వెన్నులోకి సూది గుచ్చి నీరు తీయించాడు. కాసేపటికి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నీళ్లలో నెత్తురుందమ్మా. అది పొద్దుటి నెత్తురు కాదు, అప్పుడే పసుపు రంగుకి తిరిగింది. నిజం చెప్పు."

నూకమ్మ తల వంచుకుని గంగాళం దగ్గర్నుంచి గడియ దాకా అంతా చెప్పింది. అతను తిడతాడనుకుంది. తిట్టలేదు.

"మెదడులో నెత్తురు పారే గొట్టం ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అది ఎన్నాళ్లున్నా మనిషికి తెలీదు. నిన్న బరువెత్తినప్పుడు చిట్లినట్టుంది. ఇప్పటికి గడ్డకట్టి ఆగింది. ఇంకోసారి చిట్లితే మనిషి దక్కడం కష్టం. అందుకే ఎప్పుడు మొదలైందని అడిగాను."

"అయితే నిన్న ఆయన తాగి పడిపోనేదా?"

"లేదమ్మా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

కలకత్తా పెద్దాసుపత్రికి రైల్లో పడుకోబెట్టి తీసుకెళ్లారు. అక్కడ చీకటి గదిలో, గట్టిగా దగ్గనివ్వకుండా, లేచి కూర్చోనివ్వకుండా ఉంచారు. మెడలోంచి మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తే బుడగ ఎక్కడుందో కనబడింది. అతను కాస్త తేరుకున్నాక పుర్రె తెరిచి, ఆ బుడగ మొదట్లో చిన్న క్లిప్పు బిగించారు. నెత్తురు ఇక దానిలోకి పోదన్నారు. బోడిగుండుతో, చెవి ముందునుంచి నుదుటిదాకా కుట్లతో పోలయ్య ఇంటికొచ్చాడు. మాట నెమ్మదించింది. వేడుక రోజు సంగతి మాత్రం బొత్తిగా గుర్తులేదు; పడగానే పెళ్లాం ఆస్పత్రికి చేర్చిందనే అనుకున్నాడు.

చూడ్డానికి వచ్చిన షెడ్డువాళ్లందరికీ ఒకటే చెప్పేవాడు. "మా నూకి నేకపోతే నాను ఎప్పుడో పోదును. పడిన గడియలోనే ఆస్పత్రికి తోలుకెళ్లింది."

ఆ మాట విన్నప్పుడల్లా నూకమ్మ వంటింట్లోకి తప్పుకునేది. చివరికి ఒక మధ్యాహ్నం అతనికి అన్నం పెడుతూ ఉండబట్టలేకపోయింది.

"మావా, ఆయేల నిన్ను గదిలో ఎట్టి గడియేసినాను. తాగినావనుకున్నాను. నీ నోట వాసన నేదని తెలిసి కూడా..."

పోలయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"రోజూ తాగొచ్చినోణ్ని. ఒక్క రోజు తాగనేదంటే నువ్వెలా నమ్ముతావు? సిగ్గు నీకేటే, నాకు గానీ."

కొట్టినా బాగుండుననిపించింది ఆమెకు. వాసన మాట అతను విన్నాడో లేదో తెలియలేదు. మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు.

ఆ ఆదివారం వెంకటరావు యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చాడు. బావ కళ్లలోకి చూడకుండా కూర్చుని, "అప్ప ఎంటనే ఆస్పత్రికి సేర్చింది, నయమైంది" అన్నాడు.

టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన నూకమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఎంటనే కాదురా. నీ ఇంటికాడినుంచి తెచ్చి తలుపేసీసినాను. తెల్లారేదాకా తియ్యనేదు."

వెంకటరావు మొహంలో రంగు మారింది. "తోలుకెళ్లిపొమ్మన్నది నానే కదా" అన్నాడు, వినబడీ వినబడనట్టు.

పోలయ్య గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, "ఇంక ఆపండెహె. టీ సల్లారిపోతంది" అన్నాడు.