మూడో పిలుపు

మోహన్‌కుమార్ తీసినవన్నీ నవ్వుల సినిమాలే. సినిమా పూర్తి కాకముందే తెచ్చి సాదలి అనే పల్లెలో ఒకసారి చూపించడం ఆయనకు అలవాటు. పట్టుపురుగుల పంట దిగిపోయి మళ్ళీ గుడ్లు తెచ్చేలోపల ఆ ఊరి రైతు నాగరాజ్ వాళ్ళ పురుగులు పెంచే ఇల్లు ఖాళీగా ఉంటుంది. కిటికీలకు గోనెపట్టలు కట్టి ఉంటాయి కనుక పట్టపగలు కూడా లోపల చీకటే. గోడకు తెల్లపంచె కట్టి బొమ్మ వేస్తే ఊరు ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఆయన మాత్రం బొమ్మ చూడడు. పంచె పక్కన పీట వేసుకుని, జనం వైపు తిరిగి, ఏ ముఖం ఎప్పుడు విచ్చుకుంటుందో చూస్తాడు.

నవ్వు గురించి ఆయనకు తెలిసింది ఒకటే. మొదటిసారి జరిగితే జనం చూస్తారు. రెండోసారి జరిగితే గుర్తుపడతారు. మూడోసారికి కాచుకుని ఉంటారు. అలా కాచుకుని ఉన్నప్పుడే కొట్టాలి, ముందైనా వెనకైనా వృథా. భయపెట్టేవాళ్ళు చేసే పనీ ఇదేనని ఒక్కోసారి అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ముందు తీసిన రెండు సినిమాలూ ఆడలేదు. ఇదీ పోతే మరో సినిమా ఇచ్చేవాళ్ళు లేరు. ఇందులో నవ్వంతా బయ్యప్ప మీదే నిలబడి ఉంది. బయ్యప్పది సాదలే, వీధినాటకాల్లో నవ్వించే మనిషి. అతని ముఖ్య సన్నివేశానికి ఊళ్ళో ఉన్న ఒక పద్ధతే ఆధారం. ఇంట్లో ఉన్నవాళ్ళు బయటినుంచి వచ్చే మొదటి పిలుపుకు పలకరు, రెండోదానికీ పలకరు. మనిషి కానిది మూడోసారి పిలవలేదని నమ్మకం. మూడు వినబడ్డాయంటే మనిషే, పలికి తీరాలి. సినిమాలో బయ్యప్పను పాలావు తాడుతో సహా ఈడ్చుకుపోతుంది. పెళ్ళాన్ని కేకేస్తాడు. ఆమె లోపల ఒక చేత్తో సంగటి కెలుకుతూ రెండో చేతి వేళ్ళు ముడుస్తుంది. ఒకటి. రెండు. మూడో కేక మల్బరీ తోట అవతల నుంచి, ఎక్కడో దూరంగా, సన్నగా వినబడాలి. అక్కడే నవ్వు.

సినిమాలో పెళ్ళాం పేరు ఆశ. కెమెరా ముందు బయ్యప్ప "సుబ్బలక్ష్మీ" అంటూ సొంత భార్య పేరే పిలిచాడు.

"ఆశా అంటే నా గొంతుకే నమ్మకం లేదప్పా. పెండ్లైనప్పటి నుంచి ఈ పేరే అరుస్తాండా" అన్నాడు.

అందరూ విరగబడి నవ్వారు. మోహన్‌కుమార్ ఆ పేరే ఉంచేశాడు. మూడో కేకకు మనిషి కనబడడు, గొంతు ఒక్కటే కావాలి. దాన్ని డబ్బింగులో చెప్పిద్దామని వదిలేశాడు. ఆ లోపలే బయ్యప్ప గుండె ఆగి చనిపోయాడు.

ఈసారి పొద్దున సినిమా వేసినప్పుడు ఆ చోట ఎవరూ నవ్వలేదు. రెండు పిలుపులు, ఆ తర్వాత ఊరికే గాలికి కదిలే మల్బరీ ఆకు. బొమ్మ అయిపోయాక ఆయన బయ్యప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, బాగేపల్లిలో గిరీశ్ అని ఉండాడు. ఎవురి గొంతైనా అచ్చం తీస్తాడు. ఆ ఒక్క కేక వానితో పెట్టిస్తా. నువ్వు సరే అంటేనే."

"రెండుసార్లు పిలిచె. విన్యా. పలకలే."

"సినిమా కదమ్మా."

"నీకు సినిమా. నాకు ఆయప్ప గొంతు." అంది ఆమె. "మూడోది పిలిపించొద్దప్పా. పిలిస్తే పలకాల. పలికితే పోవాల. బతికుండగా నీళ్ళు తెమ్మనేకి పిలుస్తాండె. ఇప్పుడు దేనికి పిలుస్తాడో ఏమో."

చివరి మాటకు ఆమే చిన్నగా నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు.

"పిలిపించనమ్మా" అని మాట ఇచ్చి, అప్పటికే సాధన చేస్తున్న గిరీశ్‌కు ఫోన్ చేసి వద్దన్నాడు.

"నేనే చెప్దామనుకుంటి సార్" అన్నాడు గిరీశ్. "రెండు కేకలు బాగా వస్తాండాయి. మూడోదానికి నోరు తెరిస్తే గొంతే లేదు."

సినిమా పోతే పోయింది అనుకున్నాడు మోహన్‌కుమార్. ల్యాప్‌టాప్ ముందర పెట్టుకుని ఆ నిశ్శబ్దాన్ని కాస్త కుదించి, మధ్యాహ్నం మళ్ళీ బొమ్మ వేశాడు.

సుబ్బలక్ష్మమ్మ ముందు వరసలో కూర్చుంది. మొదటి పిలుపు వచ్చింది. రెండోది వచ్చింది. ఆకు కదిలింది. ఆ తర్వాత ఏమీ లేదు, ఆయన ఏమీ పెట్టలేదు. స్పీకరుకు మూరెడు దూరంలో ఉన్న ఆయన చెవికి ఏమీ వినబడలేదు.

జనం ఒక్కసారిగా నవ్వారు.

పడాల్సిన చోట, పడాల్సిన క్షణాన పడింది ఆ నవ్వు. ఇన్ని సినిమాల్లో అంత చక్కగా పండిన నవ్వును ఆయన చూడలేదు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. పాల డెయిరీ మునివెంకటప్ప కండ్లు తుడుచుకుంటూ పక్కవాడితో, "ఆవు ఎంత దూరం ఈడ్సకపోయిందో చూడు, గొంతు యాడినుంచో వినిపిస్తాండాది" అన్నాడు.

అన్ని ముఖాల మధ్య ఒక్క ముఖం నవ్వడం లేదు. సుబ్బలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. లేవడానికి ఒక చేయి నేలకు ఆనించింది. నోరు తెరిచింది.

మోహన్‌కుమార్ పీట తన్నుకుంటూ దూకి ఆమె నోటికి అరచేయి అడ్డం పెట్టాడు. అదీ తమాషాలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు ఎప్పుడు ఆగుతుందా అని జీవితంలో మొదటిసారి ఎదురుచూశాడు. చేయి మాత్రం తీయలేదు. అరచేతి కింద ఆమె పెదవులు మెత్తగా, ఓపికగా, ఒక మాట కోసం కదులుతూనే ఉన్నాయి.