పొడి ముక్క

హాసిని రోజూ అయిదింటికి వస్తుంది. రాకపోతే ఆ రోజు నాకు నోరు విప్పే పనే ఉండదు. మా ఆయన పౌల్‌రాజు పోయి నాలుగేళ్ళయింది. ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, గోల్‌మురి పేటలో, మా అద్దె ఇంటినిండా ఆయన పనిచేసిన రేకుల కార్ఖానా నుంచి తెచ్చిన రేకు డబ్బాలే మిగిలాయి. ముప్పై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఇప్పుడు వినడానికి పక్కింటి శ్రీదేవి కూతురొక్కతే ఉంది, అదీ దాని తొమ్మిదో తరగతి ప్రాజెక్టు పుణ్యమా అని.

ఎండబెట్టిన రొట్టె ముక్కలు రెండు, డబ్బాలు రెండు. ఒక ముక్క మీద నీళ్ళు చల్లాలి, రెండోదాన్ని పొడిగా వదిలేయాలి. తడిదానికే బూజు పడుతుందని మా ఊహ. పోల్చి చూసుకోవడానికి పెట్టిన ఆ పొడి ముక్కను కంట్రోల్ అంటారు, దాని జోలికెవరూ పోకూడదు. రొట్టె మీద అయోడిన్ చుక్క వేసి, నీలంగా మారితే పిండిపదార్థం ఉన్నట్టని చూపించాను. మాంసకృత్తులు, కొవ్వులు కూడా చెప్పేశాను. జీవపదార్థాల పాఠంలో ఇక న్యూక్లిక్ ఆమ్లాలే మిగిలాయి.

మూడో రోజుకే నాకు గుబులు పట్టుకుంది. ప్రాజెక్టు అయిపోతే పిల్ల ఇంకెందుకొస్తుంది? అది గుమ్మం దాటగానే పొడి ముక్క మీద చెంచాడు నీళ్ళు చల్లాను. సిగ్గులేని పని! బడిలో ఇలాంటి పని చేసిన పిల్లల్ని గంటసేపు నిలబెట్టినదాన్ని.

వారానికి రెండు ముక్కలకీ బూజు పట్టింది.

"ఏటే ఇది! మళ్ళీ మొదట్నించీ పెట్టాల" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఠీక్ హై ఆంటీ" అంది.

రెండోసారీ అంతే చేశాను. మూడోసారీ అంతే.

శనివారం హాసిని వచ్చి తన పుస్తకం నా ముందు పెట్టింది. పట్టికంతా నింపేసి ఉంది. తడి ముక్కకు బూజు ఉంది, పొడి ముక్కకు లేదు.

"అబద్ధం రాసేత్తావేటే?" అని కసిరాను.

"ఝూఠ్ నహీ హై ఆంటీ. ఒక్కచోట చేస్తే నమ్మకూడదని మీరే కదా చెప్పారు. మొదట్నించీ మా ఇంట్లో కూడా ఇంకో జత పెట్టాను. అక్కడ పొడి ముక్కకు ఒక్కసారి కూడా బూజు పట్టలేదు."

"నీకెప్పుడు తెలిసిందే?"

"పెహ్‌లీ బార్ హీ. మొదటిసారే."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకొచ్చావే?"

"ఐసే హీ, ఊరికే" అని తల దించుకుంది. పుస్తకం అంచులు నలుపుతూ, సోమవారం నుంచి సాక్చీలో కోచింగనీ, అయిదు నుంచి ఎనిమిది దాకా అనీ చెప్పింది.

"న్యూక్లిక్ ఆమ్లాలు మిగిలిపోనాయి కదే" అన్నాను.

"అవి అక్కడ చెప్తారట ఆంటీ."

ఇవాళ సోమవారం. అయిదు దాటింది. రెండు డబ్బాలూ కడిగి బోర్లించాను. మూడు వారాలు ఆ పిల్ల రొట్టె కోసం రాలేదు, నా కోసమే వచ్చింది. నేనే పిచ్చిదాన్ని, ఎదుట కూర్చున్న పిల్లతో పాఠం కాని మాటలు నాలుగు ఆడకుండా, రొట్టెకు నీళ్ళు చల్లుకుంటూ కూర్చున్నాను.