నున్నటి మెట్లు

గుత్తి శివార్లలో, ఎండిపోయిన వేరుశెనగ చేల పక్కన, రేకుల నీడలో కూర్చుని తిప్పమ్మ బండకు గాట్లు పెడుతోంది. తెల్ల కారు వచ్చి ఆగింది. దిగిన మనిషిని చూడగానే ఆమె మొహం వేపాకు నమిలినట్టయింది. ఇంజనీరు లక్ష్మీపతి. కోస్తాలోని ఒక పెద్ద పట్నానికి పడవల రేవు కట్టించినాయన. పోయినేడాది తిప్పమ్మ, ఆమె మొగుడు ఓబుళేసు ఆయన కిందే ఏడు నెలలు రాతిపని చేసి వచ్చారు.

"బాగున్నావా తిప్పమ్మా?"

ఆమె ఉలి ఆపలేదు. "ఏం బాగులే సార్. మాకు నీళ్ళు లేవు గానీ, జారి పడేదీ లేదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. లక్ష్మీపతి చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

అప్పటికే సగం తెరిచిన ఆ రేవును మొదట చూసినప్పుడు తిప్పమ్మ నోరు తెరిచిన మాట నిజమే. అద్దాల హాలు, అందులో చల్లటి గాలి, వేలు పెడితే టికెట్టు ఇచ్చే యంత్రాలు, ఫోన్ల ఛార్జింగుకు బల్లలు, చంటిబిడ్డల తల్లులకు వేరే గది. లంకలకు రోజుకు పన్నెండు పడవలు. అయితే హాల్లోని మంచినీళ్ళు టికెట్టు ఉన్నవాళ్ళకే. కట్టే కూలీలు నోరెండి చస్తుంటే, రేవులో చేపలమ్మే ఒక ముసలామె తన బిందెలోంచి వాళ్ళ దోసిళ్ళలో నీళ్ళు పోసేది.

ఇన్ని సోకులు చేసిన లక్ష్మీపతి, జనం పడవెక్కే మెట్లకు అద్దంలా మెరిసే బండలు తెప్పించాడు. ఫొటోల్లో బాగుండాలట. సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా కింది మెట్లు బయటపడేవి. నెల తిరగకుండానే వాటికి పచ్చటి పాచి పట్టింది.

తిప్పమ్మ ఉండబట్టలేక అప్పుడే చెప్పింది. "సార్, నున్నరాయికి పాచి పడితే కాలు నిలవదు. కింది మెట్లు ఉలితో గరుకు చేయల్ల. మా ఊరి దిగుడుబావికి మా తాత అట్లే చేసినాడు."

ఆయన పదిమందిలో పగలబడి నవ్వాడు. "చుక్క నీళ్ళు లేని అనంతపురం నుంచి వచ్చి నాకు సముద్రం పాఠాలు చెబుతావా?" చుట్టూ ఉన్న గుమాస్తాలు కూడా ఇకిలించారు. తిప్పమ్మ ఆయన్ని ఆ పూటే మనసులో తూచి, తాలుగింజని తేల్చేసింది.

ఇప్పుడా తాలుగింజ రేకుల నీడలో నిలబడి నసుగుతోంది. "ఆ మెట్లు కొంచెం ఇబ్బంది పెడుతున్నాయి."

"ఎంతమంది పడినారు?"

"నలుగురైదుగురు..."

"నిజం చెప్పు సార్."

"ఇరవై ఆరుగురు. తాడు కట్టాం, రబ్బరు పట్టాలు పరిచాం, జాగ్రత్తని మూడు భాషల్లో బోర్డు కూడా పెట్టాం."

"పాచికి యా భాషా రాదు గదా సార్!" అంది తిప్పమ్మ. పక్క బండ దగ్గర ఓబుళేసు కిసుక్కున నవ్వాడు.

"మిషను పెడితే బండలు పగిలాయి. చేత్తో చేసేవాళ్ళు దొరకలేదు. చేపల ముసలమ్మకు తుంటి విరిగాక పేపర్లో కూడా పడింది..."

తిప్పమ్మ సుత్తి కింద పెట్టింది. "యా ముసలామె? బిందె పెట్టుకోని కూచునే అవ్వనా?"

"ఆవిడే."

లేచి కొంగు దులుపుకుంది. "వస్తాం. నీకోసరం కాదు. ఇంకో మాట. మేం ఉలి పట్టేకి ముందు నువ్వు చెప్పులిడిచి ఆ మెట్లు దిగల్ల, అందరూ చూస్తాండంగా."

లక్ష్మీపతి మొహం కందిపోయింది. కానీ తలూపాడు. ఊపక ఏం చేస్తాడు?

అన్నమాట ప్రకారం దిగాడు కూడా. పాచి పట్టిన మూడో మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, రెండు కాళ్ళూ గాల్లోకి లేచి, నడుములోతు నీళ్ళలో కూలబడ్డాడు. ఆనాడు ఇకిలించిన గుమాస్తాలే పరుగెత్తి లేవనెత్తారు. తిప్పమ్మ నవ్వలేదు. నవ్వడానికి కూడా ఆయన తగడనిపించింది.

పదకొండు రోజులు, సముద్రం తగ్గిన వేళల్లో, మొగుడూ పెళ్ళాలు మోకాళ్ళ మీద కూర్చుని పాచి గీకి, మెట్టు మెట్టుకూ అడ్డంగా గాట్లు కొట్టారు. ఉప్పునీళ్ళకు వేళ్ళు పగిలాయి. పని ముగిసిన పూట తిప్పమ్మ రేవు పక్కనే ఉన్న అవ్వ గుడిసెకు పోయి, చాపిన ఆ కాలు మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది. అవ్వ మనవరాలు చేపల గంపతో పడవ దిగి, మెట్లెక్కి, గబగబా నడిచి వచ్చింది.

వాళ్ళు మూటతో రేవు దాటుతుండగా లక్ష్మీపతి ఒక విలేఖరికి చెబుతున్నాడు. "ఇది విదేశాల్లో నేను స్వయంగా చూసి వచ్చిన పద్ధతండీ."

ఓబుళేసుకు రోషం పొడుచుకొచ్చింది. "ఏమే, విన్యావా? పోయి అడుగుతా. మన పేరు యాడ చెప్పినాడు?"

తిప్పమ్మ అతని చెయ్యి పట్టి లాగింది. "వాని నోట్లో మన పేరెందుకప్పా, ఎంగిలి. పా, రైలుకు టైమయింది."