ఎంగిలి కాని కంప్యూటర్

నేను ఒక షేడర్ క్యాష్‌ని. పేరులో క్యాష్ ఉందని ఆశపడకండి, నా దగ్గర చిల్లిగవ్వ లేదు. కంప్యూటర్లో ఎవరూ తెరిచి చూడని ఓ మూల ఫోల్డర్‌ని. ఆటలో మంట మండాలన్నా, పొగ లేవాలన్నా, ఆ బొమ్మ ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా తయారుచేసి ఇవ్వాలి. మొదటిసారి దానికి సమయం పడుతుంది. తయారైనదాన్ని నేను దాచిపెడతాను కాబట్టి రెండోసారి ఆలస్యం ఉండదు. రుబ్బి పెట్టుకున్న ఇడ్లీపిండి లాంటిదాన్ని. ఆ కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మారినా, ఆట అప్‌డేట్ అయినా పిండి పులిసి పాడైనట్టే. పారబోసి మళ్లీ రుబ్బుకోవాల్సిందే.

మొదట ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర పుట్టాను. అక్క పెళ్లి వీడియోకు చోటు చాలక మాటిమాటికీ నన్ను తుడిచేసేవాడు. ఆట నత్తనడక నడుస్తోందని కంప్యూటర్ని బండబూతులు తిట్టి, హనుమకొండలో గేమింగ్ సెంటర్ నడిపే ఐలేష్‌కు అమ్మేశాడు. మనుషులంతే, చేసింది మరిచిపోతారు గానీ తిట్టడం మరవరు.

ఐలేష్ మంచివాడు. అదే మా కొంప ముంచింది.

అతని సెంటర్‌కు రవళి అని డిగ్రీ చదివే అమ్మాయి వచ్చేది. తుపాకుల ఆటలో ఆమె వేళ్ల వేగం చూస్తే నాకే ముచ్చటేసేది. హైదరాబాద్ జట్టొకటి, ఒక ఆన్‌లైన్ మ్యాచ్ పెడతాం, అందులో ఆమె ఆట నచ్చితే తీసుకుంటామంది. వాళ్ల నాన్న కూడా ఆ ఒక్క మ్యాచ్‌కే ఒప్పుకున్నాడు. "తీసుకుంటే పంపిస్త బిడ్డా. లేకుంటే ఈ ఆట బంద్," అన్నాడట.

ఆట కొత్త వెర్షన్ ఉంటేనే ఆడనిస్తామని ఆ జట్టువాళ్లు అనడంతో మ్యాచ్ రోజు పొద్దున ఐలేష్ డ్రైవర్నీ ఆటనూ అప్‌డేట్ చేశాడు. పాత సరుకు ఉంటే బొమ్మలు చెడతాయని నన్ను ఖాళీ చేశాడు. అది సరైన పనే. ఆ తర్వాత ఒక్క ఆట ఆడనిచ్చినా నా కడుపు నిండేది. కానీ అతను కీబోర్డుకు పసుపూ కుంకుమా పెట్టి, అగరుబత్తి వెలిగించి, స్విచ్ ఆపేశాడు.

"అన్నా, ఒక్క ఆట ఆడి చూస్త," అంది రవళి.

"వద్దు చెల్లె. దేవునికి పెట్టేది ముందుగాల ఎవరన్న రుచి చూస్తరా? మ్యాచ్ దాక ఎంగిలి గావద్దు."

అంత ప్రేమగా చెప్పాక ఆమె ఇంకేమంటుంది? అరవడానికి నాకు నోరు లేదు.

మ్యాచ్ మొదలైంది. ఎదుటివాళ్లు పొగబాంబు వేశారు. ఆ పొగ నా దగ్గర లేదు. అది తయారయ్యేదాకా రవళి తెర బిగుసుకుపోయింది. కదిలేసరికి ఆటలో ఆమె చచ్చి పడి ఉంది. తర్వాత మంట దగ్గరా అదే గతి. మ్యాచ్ పోయింది. "అసలు టైముకు చెయ్యి ఆగుతున్నది," అని హైదరాబాద్ నుంచి ఫోన్లో చెప్పేశారు.

"నా చెయ్యి కాదన్నా, తెర ఆగింది," అంది రవళి. ఐలేష్ ఆమె మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే కూర్చుని, అదే చోటికి వెళ్లి, అదే పొగబాంబు వేసి చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటికి పొగా మంటా అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తెర ఎక్కడా ఆగలేదు. మళ్లీ వేశాడు. ఆగలేదు.

"మిషన్ మంచిగనే ఉంది చెల్లె," అన్నాడు, ఆమె ముఖం చూడలేక.

రవళి తన కుడిచేతిని చాలాసేపు చూసుకుంది. తర్వాత నాన్నకు ఫోన్ చేసింది. "నా చెయ్యే ఆగింది నాన్నా," అంది.

ఆ ఒక్కసారి నేను పని చెడగొట్టి ఉంటే ఆ పిల్ల గట్టెక్కేది. బుద్ధిగా పనిచేసి ఆమె గొంతు కోశాను. రేపోమాపో ఇంకో అప్‌డేట్ వస్తుంది, నన్ను తుడిచేస్తారు, ఇదంతా నాతోపాటే పోతుంది. నాకు ఆ అదృష్టమైనా ఉంది. రవళి మాత్రం బతికినంతకాలం తన చెయ్యే ఆగిందనుకుంటుంది.