చేరువారికి గమనిక

మా ఆయన డాక్టరు. మా ఇంటి ముందు గదే ఆయన క్లినిక్. రోగులు బస్సెక్కుతున్నట్టు తోసుకుంటూ వస్తారు, ఈయన కండక్టరులా చీటీ చింపి ఇస్తారు. ఆ తొక్కిసలాటలో ఒకరోజు మా వీధిలో బట్టలు కుట్టే టైలరు పిన్నిగారి మోకాళ్ళ నొప్పికి ఎవరిదో దగ్గుమందు రాసిచ్చారు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది గానీ, ఈయన ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

అందుకే కొత్త పద్ధతి. కొన్ని కుటుంబాలే సభ్యులు. నెలకింతని కడితే ఎప్పుడొచ్చినా తీరిగ్గా చూస్తారు. చేరేటప్పుడు ఒక్కసారి మాత్రం కొంత రుసుము. నెలాఖరుకి సరిపడా కుటుంబాలు చేరకపోతే గది మూసేసి, రమ్మంటున్న పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి పోవడమే. అక్కడ బస్సు కూడా కాదు, రైలు.

మరి రుసుమెంత? ఆడిటరైన మా తమ్ముడు పంచాయితీకి కూర్చున్నాడు.

"తక్కువ పెడితే లోకువైపోతావు బావా."

"ఎక్కువ పెడితే టైలరు పిన్నిగారేం కడుతుందిరా?"

"నువ్వు పెట్టేది ఊరికా, పిన్నిగారికా?"

"పిన్నిగారు ఊళ్ళో మనిషి కాదేమిటి?"

చివరికి ఇద్దరికీ నచ్చని అంకె ఒకటి తేలింది. అయితే అదే సరైనదయ్యుంటుందనుకున్నాను. ఈయన బోర్డు రాయించారు: 'చేరువారు ముందుగా రుసుము చెల్లించవలెను.'

మర్నాటినుంచి గది బోసిపోయింది. దగ్గేవాళ్ళు వీధికి ఎదుటి పక్కన నిలబడి దగ్గేసి వెళ్ళిపోతున్నారు. ఎక్కువైందేమోనని ఈయన రుసుము సగం చేశారు. వచ్చే ఇద్దరు ముగ్గురూ మానేశారు. ఇంకా తగ్గించారు. జనం మా వీధే తప్పించి చుట్టు తిరిగి పోసాగారు.

"ఇంక మనమే ఎదురిచ్చి పిలుద్దాం బావా" అన్నాడు తమ్ముడు.

ఈయన నవ్వలేదు. స్టెతస్కోపు చుట్టచుట్టి సొరుగులో పెట్టేశారు. అది చూశాక నాకూ నవ్వు రాలేదు.

ఆ మధ్యాహ్నమే పిన్నిగారు వంటింటి తలుపు దగ్గర తేలింది.

"అమ్మాయ్, మీ ఆయన చేరకుండా చూడనే చూడరా?"

"చేరితే ఏం పిన్నిగారూ?"

"నాకేం ముంచుకొచ్చిందని చేరడం? మోకాళ్ళేగా! నేను చేరితే మిషనెవరు తొక్కుతారు? అయినా మీ గదిలో ఒక్క మంచమైనా లేదు, ఎక్కడ పడుకోబెడతారమ్మా?"

అప్పటికి వెలిగింది నాకు. డాక్టరు దగ్గర చేరడమంటే జనానికి మంచమూ, సెలైనూ.

"పైగా రోజురోజుకీ తగ్గిస్తున్నారాయె! చేర్చుకోడానికి ఇంత ఆత్రమేమిటి, వీధికేదో జబ్బొచ్చింది, మనకి చెప్పడంలేదు అనుకున్నాం."

నేను తిన్నగా ముందు గదిలోకి వెళ్ళాను. "ఏవండీ, అసలా రుసుము దేనికి?"

"మొదటిరోజు గంటసేపు కూర్చుని వాళ్ళ ఒంటి సంగతంతా వినాలి కదా, దానికి."

"ఆ ముక్కే రాయచ్చుగా!"

బోర్డు తుడిచి నేనే రాశాను: 'మొదటిరోజు డాక్టరుగారు గంటసేపు మీరు చెప్పేది వింటారు. దానికి ఇంత. పడుకోబెట్టరు.' అంకె మళ్ళీ మొదటిదే పెట్టాను.

పిన్నిగారు రెండుసార్లు చదువుకుంది. "గంటే! కొలతలిస్తూ ఊరంతా నాకు కథలు చెబుతారు గానీ, నా కథ విన్నవాళ్ళేరీ? వాయిదాల్లో ఇస్తానని చెప్పు" అని లోపలికి వెళ్ళింది.

బయటికొచ్చేసరికి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమన్నారు పిన్నిగారూ?"

"ఏమీ అనలేదమ్మా. విన్నారు."

ఆ మాట బోర్డుకంటే వేగంగా పాకింది. నెలాఖరు రాకముందే సభ్యులు నిండారు. సొరుగులోని స్టెతస్కోపు మెడలోకొచ్చింది.

అందరూ వెళ్ళిన ఒక సాయంత్రం, రుసుము బల్లమీద పెట్టి రోగుల కుర్చీలో కూర్చున్నాను.

"ఏమిటిది?"

"చేరడానికొచ్చాను."

"ఇంట్లోవాళ్ళకి రుసుమేమిటి!" అని నావైపు తోశారు.

"రుసుము లేదంటే గంట కూడా లేదన్నమాట. వద్దులెండి, ఉంచండి" అని మళ్ళీ తోశాను.

ఆయన నన్నోసారి చూసి, డబ్బు తీసి సొరుగులో వేసి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "చెప్పు."

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకే తెలియలేదు. ఇంతలో లోపల కుక్కరు కూతేసింది. లేవబోయాను.

"కూర్చో" అన్నారు. "గంట కాలేదు."